మోకాలి మీద పలక

విమానం ఎక్కేముందు మా మాస్టారు పెన్సిలు చెక్కుకుంటారు. డాలస్‌కి ఉత్తరాన ఓ చిన్న విమానాశ్రయం, రేకుల హ్యాంగరు, అందులో నాలుగు సీట్ల సెస్నా 172. ఆయన కుడి మోకాలి పైన బెల్టుతో కట్టిన ఐప్యాడ్ మినీ, దాని కింద మడతపెట్టిన కాగితపు చార్టు. పెన్సిలు మొన వేలికి గుచ్చుకునేదాకా తలెత్తరు. తెనాలి దగ్గర పుట్టి, ముప్పై ఏళ్లు ఇక్కడ ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక చిన్న విమానాలు నడపడం నేర్పుతున్న మనిషి. నేను పైలెట్‌ని కాను. ఆయన పక్క సీట్లో కూర్చుని నోరెళ్లబెట్టే రకాన్ని. కాబట్టి ఈ వ్యాసంలో పొగడ్త పాలు ఎక్కువైతే పాఠకులు సర్దుకోవాలి.

రాయడానికి కారణం మా మేనల్లుడు. హైదరాబాద్ దగ్గర ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. "మావయ్యా, చార్టులు చూసుకోడానికి ఏ ట్యాబ్ కొనమంటావ్?" అని ఫోను. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ట్యాబ్ దేనికో తెలియకుండా ఏ ట్యాబో చెప్పడం, వంట రానివాడికి మూకుడు ఎంచిపెట్టడం లాంటిది. అందుకని ముందు వంట.

ఆకాశంలో దారి తెలుసుకోవడానికి పాతకాలం నుంచీ రెండు విద్యలు. కిందకి చూసి ఊరూ, ఏరూ, రైలుపట్టా గుర్తుపట్టి చార్టుతో పోల్చుకోవడం ఒకటి. దిక్కు, వేగం, గాలి, గడియారం పెట్టి "ఇంతసేపటికి ఇక్కడ ఉండాలి" అని లెక్కగట్టడం రెండోది. మా మాస్టారు రెంటినీ సంగీతంలా కలుపుతారు. కిందటేడు ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లాం. డాలస్-ఫోర్ట్‌వర్త్ పెద్ద విమానాల గగనతలాన్ని పడమరగా చుట్టుకుని, వెదర్‌ఫర్డ్ మీదుగా స్టీఫెన్‌విల్ దారి. ఎడమవైపు కొమాంచీ పీక్ అణువిద్యుత్ కేంద్రం, ఎండలో మెరిసే రెండు గుమ్మటాలు. ల్లానో ఊరు కిందకి రాగానే ఆయన ఐప్యాడ్ మీద చార్టు బోర్లించారు. గడియారం నొక్కారు. "తొమ్మిది నిమిషాలు. కుడి రెక్క కింద చూడు" అన్నారు. తొమ్మిది నిమిషాలకి, సెకన్ల మాట నాకు పట్టదు, కుడి రెక్క కింద గులాబి రంగు గ్రానైటు బోడిగుండు, ఎన్‌చాంటెడ్ రాక్, మన భువనగిరి గుట్టకి దూరపు చుట్టంలా తేలింది.

ఇందులో మంత్రమేమీ లేదని ఆయనే విప్పి చెప్పారు. గంటకి నూటపది నాటికల్ మైళ్లంటే తొమ్మిది నిమిషాలకి పదహారున్నర. ల్లానో నుంచి ఆ గుట్ట అంత దూరమే. పక్కనుంచి ఇరవై నాట్ల గాలి కొడుతుంటే ముక్కుని గాలివైపు పది డిగ్రీలు తిప్పి ఉంచాలి, పడవవాడు ఏటికి ఎదురుగా మూలగా తెడ్డేసినట్టు. దారి తప్పితే అరవై లెక్క: అరవై మైళ్లలో ఒక డిగ్రీ తప్పు ఒక మైలు పక్కకి లాగుతుంది. ముప్పై మైళ్లు వచ్చేసరికి రెండు మైళ్లు పక్కకి జరిగామంటే నాలుగు డిగ్రీల తప్పు. అంత తిప్పితే పాత దారికి సమాంతరం అవుతాం. ఇంకో నాలుగు కలిపితే మరో ముప్పై మైళ్లలో దారి మీదకి వస్తాం. ఈ లెక్క ఆయన నోటితోనే చేస్తారు, చేతులు విమానం మీద ఉండగా.

ఇది పెద్దల సొత్తు. తొలిరోజుల్లో టపా విమానాలవాళ్లకి సరైన చార్టులే లేవట, రోడ్డు పటాలతో సరిపెట్టుకున్నారట. 1921 ఫిబ్రవరిలో జాక్ నైట్ రాత్రివేళ టపా మోస్తూ ఒమాహా చేరితే, అక్కణ్ణించి షికాగో తీసుకెళ్లాల్సినవాడు లేడు. ఆ దారి తానెప్పుడూ ఎగరలేదు. రోడ్డు పటం పట్టుకుని, మంచులో షికాగో చేరాడు. లిండ్‌బర్గ్ 1927లో బరువు తగ్గుతుందని పటాల అంచులు కత్తిరించాడు, రేడియో వద్దన్నాడు, దిక్సూచీ గడియారాలతో అట్లాంటిక్ దాటి ఐర్లండ్ తీరాన్ని అనుకున్నచోటుకి కాస్త అటూ ఇటూగా పట్టాడు.

నా దేవుడు మాత్రం ఫ్రాన్సిస్ చిచెస్టర్. 1931లో ఒక్కడే, జిప్సీ మాత్ అనే బుల్లి విమానంలో, న్యూజిలాండ్ నుంచి ఆస్ట్రేలియాకి. మధ్యలో నార్ఫోక్ ద్వీపం దొరక్కపోతే సముద్రమే గతి. ఆ ద్వీపమెంత, ముప్పైయైదు చదరపు కిలోమీటర్లు. ఆయన చేసిన పని వినండి. ద్వీపం వైపు గురిపెట్టలేదు! కావాలనే ఒక పక్కకి తప్పించి వెళ్లాడు. నేరుగా గురిపెట్టి దొరక్కపోతే ఎడమకో కుడికో తెలీదు కదా. తప్పు తానే చేస్తే ఎటు తిరగాలో ముందే తెలుసు. విమానం నడుపుతూనే సెక్స్‌టెంట్ పట్టి సూర్యుణ్ణి కొలిచి, లెక్క కుదిరాక తిరిగాడు. ద్వీపం ఎదురొచ్చింది. ఆ ధైర్యానికి నేనిప్పటికీ లేచి నిలబడతాను.

ఇక కాగితానికి గౌరవం తెచ్చినవాడు ఎల్రే జెపెసెన్. టపా పైలెట్టు. పది సెంట్ల నోటుబుక్కు కొని, కొండల ఎత్తులు, దిగే పొలాల కొలతలు, రైతుల ఫోను నంబర్లు తానే తిరిగి రాసుకున్నాడు. తోటి పైలెట్లు అడగ్గా 1934 నుంచి పది డాలర్లకి అమ్మాడు. డెన్వర్ విమానాశ్రయ టెర్మినల్‌కి ఆయన పేరే. గాలి లెక్కల కోసం ఫిలిప్ డాల్టన్ చేసిన గుండ్రటి ఈ-6-బీ పరికరం ఇప్పటికీ శిష్యుల సంచుల్లో ఉంటుంది. స్టార్ ట్రెక్‌లో స్పాక్ చేతిలోనూ కనిపిస్తుంది, అన్ని నక్షత్రాలు తిరిగినవాడికీ అదే దిక్కైంది.

ఇప్పుడు పలక, అదే ట్యాబ్. 2000 మేలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పుని తీసేసింది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. కాగితాలతో కుస్తీ పట్టే పైలెట్లకి అది వరం. ఇక్కడి సెక్షనల్ చార్టు అయిదు లక్షలకొకటి కొలత, అంటే సెంటీమీటరుకి అయిదు కిలోమీటర్లు. కొత్తది యాభై ఆరు రోజులకోసారి వస్తుంది. కాగితమైతే ప్రతిసారీ కొనాలి, మడతలు విప్పితే కాక్‌పిట్టంతా పరుచుకుంటుంది. పలక మీద ఫోర్‌ఫ్లైటో గార్మిన్ పైలెట్టో అనే యాప్ ఉంటే డాలస్ చార్టు అంచు దాటి శాన్ ఆంటోనియో చార్టులోకి వేలితో జరిపేయొచ్చు. దాన్ని తిట్టే మూర్ఖుణ్ణి కాను.

కొనేవాడు ముందు చూడాల్సింది జీపీఎస్ చిప్పు. వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో ఆ చిప్పు ఉండదు. సెల్యులార్ రకంలోనే ఉంటుంది. దానికి సిమ్ వేయక్కర్లేదు, నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు, చిప్పు ఉపగ్రహాల మాట నేరుగా వింటుంది. ఇంట్లో వీధిలో వై-ఫై సాయంతో నీలం చుక్క చక్కగా కదులుతుంది, అదే మోసం. మూడువేల అడుగులెక్కాక చుక్క కొయ్యబారిపోతుంది. వై-ఫైది ఇప్పటికే కొనేసినవాడు బయట జీపీఎస్ రిసీవర్ విడిగా కొనుక్కోవాలి. అప్పుడు ఛార్జి పెట్టాల్సినవి రెండు.

తర్వాత సైజు. పదమూడంగుళాల పలక బల్ల మీద రాజా, కాక్‌పిట్టులో గుదిబండ. చక్రం వెనక్కి లాగితే తగులుతుంది, మోకాలి మీంచి జారుతుంది. పదకొండు అంగుళాలది పొడుగు మనుషులకి పనికొస్తుందంటారు, అనుకోనివ్వండి. నేను మినీ పక్షం. ఎనిమిదంగుళాల పైచిలుకు తెర, మూడొందల గ్రాముల లోపు బరువు, మోకాలి మీద అచ్చంగా చిన్నప్పటి పలకలా అమరుతుంది. చిన్న తెర కళ్లని తనవైపు గుంజదు. పెద్ద తెర ముందు కూర్చున్నవాడు బయటికి చూడ్డం మానేస్తాడు. ఈ విషయంలో మా మాస్టారితో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

మూడోది వేడి. మా మేనల్లుడు చెవులు రిక్కించాల్సింది ఇక్కడ. ఐప్యాడ్ పనిచేయడానికి తయారీదారు చెప్పే హద్దు ముప్పైయైదు డిగ్రీలు. మేలో హైదరాబాద్ రన్‌వే పక్కన, గాజు కప్పు కింద, ఇంజను ఆన్ కాకముందే అది దాటిపోతుంది. పలక తెర మసకబారి, చివరికి నన్ను చల్లార్చమని ఓ బొమ్మ వేసి పడుకుంటుంది. వీపుకి గాలాడని మందపాటి తొడుగు వేయకూడదు. ఎండలో పెట్టి ఛార్జి చేయకూడదు. ఎగిరేదాకా సంచిలో నీడన ఉంచాలి. నల్లద్దాలు పోలరైజ్డ్‌వి అయితే తెర ఒక వాటంలో చీకటైపోతుంది. కొనేముందు తన కళ్లద్దాలు పెట్టుకుని తెరని అడ్డంగా, నిలువుగా తిప్పి చూడాలి. ఈ వేడి బాధలు లేనిది కావాలంటే గార్మిన్ ఏరా 760 లాంటి విమానాల కోసమే చేసిన పరికరాలున్నాయి. ఎండలో ఎదురుగా చదవొచ్చు, ధర మాత్రం బరువు. కొనగలవాళ్లకి నా దండం.

ఇక్కడ ఇంకో ముక్క. అమెరికాలో నేలమీది స్టేషన్లు 978 మెగాహెర్ట్జ్‌లో వాతావరణాన్ని ఉచితంగా పంపుతాయి. దాన్ని పట్టే రిసీవర్ కొని ఇండియా తీసుకెళ్లడం దండగ. ఉపగ్రహ సందేశ పరికరాన్నైతే సామాన్లలో పెట్టనే కూడదు, అనుమతి లేకుండా అక్కడ నేరం. ఏ పలకైనా అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు, స్కూలు ఒప్పుకోలు అయ్యాకే విమానంలోకి.

ఇప్పుడు నా కడుపుమంట. చవక సరుకు! పదిహేను డాలర్లకి గాజుకి అంటుకునే స్టాండు, పేరూ ఊరూ లేని అమ్మకందారు దగ్గర నేనే కొని మాస్టారికి కానుకిచ్చాను. రెండో ప్రయాణంలో కుదుపుకి ఊడి రడ్డర్ పెడళ్ల మధ్య పడింది. దిగేదాకా ఆయన ఒక్క మాట అనలేదు. దిగాక ఆ స్టాండుని మూడు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. అదే ఆయన అన్న మాట. బొత్తిగా మెమరీ లేని ట్యాబులు, ఎక్కడిదో తేదీ లేని చార్టు ఫైళ్లు, "పైలెట్లకి" అని మీద ముద్రేసిన అట్టలు. కారు నడిపే మ్యాపు యాప్ తెరిచి విమానం నడిపే ప్రబుద్ధులూ ఉన్నారు! ఆ యాప్‌లో కాఫీ కొట్టు కనిపిస్తుంది, టవరు తీగలు కనిపించవు. సెక్షనల్ చార్టులో ప్రతి గడిలోనూ అచ్చొత్తిన పెద్ద అంకె, ఆ గడిలోని అతిఎత్తైన అడ్డంకి లెక్క, ప్రాణాలు కాచేది అది.

చవక సరుకుకన్నా చవక అలవాటు నన్ను ఎక్కువ బాధిస్తుంది. తెర మీద మెజెంటా గీత గీస్తే దాని వెంట పోవడమే విద్య అనుకునే తరం. 1997లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రంలో వారెన్ వాండర్‌బర్గ్ అనే కెప్టెన్ ఆ గీత పిల్లల గురించి పాఠం చెప్పాడు. అది మా ఊరి పక్కనే. అయినా మా ఊరివాళ్లు వినలేదు. 2015 ఏప్రిల్లో అదే సంస్థ పైలెట్ల ఐప్యాడ్‌లు ఒక విమానాశ్రయం చార్టు రెండుసార్లు చేరడంతో మొరాయించి డజన్లకొద్దీ విమానాలు ఆలస్యమయ్యాయి. 2022 అక్టోబరులో డాలస్-ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల దాదాపు రెండు రోజులు జీపీఎస్ చెడిపోయింది, పెద్ద విమానాశ్రయంలో ఒక రన్‌వే మూసేశారు, కారణం తేలలేదు. ఆ వారం మాస్టారి శిష్యులు మామూలుగానే ఎగిరారు. బయటి ఊళ్లలోని నీళ్ల ట్యాంకుల మీద ఊరి పేరు రాసి ఉంటుంది కదా, చదువుకుంటూ వెళ్లారు. ఇది నేను గర్వంగా చెప్పుకునే మాట, నాకేమీ సంబంధం లేకపోయినా.

శిక్షకులకి నా మనవి: ప్రతి పాఠంలో ఒక అంకం తెర బోర్లించి నడిపించండి. గడియారం చేతికివ్వండి. ఎగిరే ముందురోజు పలకకి కొత్త సాఫ్ట్‌వేర్ వేయనివ్వకండి. ఇంట్లో వై-ఫై ఉండగానే దారిలోని చార్టులన్నీ దింపించి, విమానం మోడ్‌లో ఒకసారి తెరిపించి చూడండి. రెండో పరికరంగా జేబులో ఫోనులో అవే చార్టులు, మూడోదిగా కాగితం.

ఇదంతా మేనల్లుడికి ఫోన్లో చెప్పాను. గంటంబావు పట్టింది. మధ్యలో రెండుసార్లు "ఊఁ" అన్నాడు. మర్నాడు ఫోటో పంపాడు: పాతబడ్డ మినీ ఒకటి, సెల్యులార్‌దే. పక్కన డజను నటరాజ్ పెన్సిళ్లు. ఆ ఫోటో మాస్టారికి చూపించాను. కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశారు.

"చార్టు తేదీ ఏదీ?" అన్నారు.