తెర మీది విమానము – దిగుటలోని లెక్క

విమానమును పైకి లేపుటకంటె క్షేమముగా నేలకు దించుట కష్టము. మబ్బు క్రమ్మి రన్‌వే కనబడనప్పుడు ఈ కార్యమంతయు అంకెలపై ఆధారపడును. రన్‌వేకు ఎంత దూరమున ఉన్నపుడు ఎంత ఎత్తున ఉండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటను ఇంటిలోనే అభ్యసించుటకు కంప్యూటరుపై నడచు విమాన సిమ్యులేటర్లు వీలు కల్పించుచున్నవి. 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ వెలువరించిన ప్రోగ్రాములో నేల యనగా కొన్ని గీతలు మాత్రమే. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరులో ఉపగ్రహ చిత్రములతో కూర్చిన భూగోళమంతయు కలదు. దృశ్యము ఇంతగా పెరిగినది. పాఠము కూడ అంతగా పెరిగినదా యన్నది విచారింపదగిన విషయము.

సిమ్యులేటరు చరిత్రలో ఆటయు శిక్షణయు మొదటినుండి కలసియే యున్నవి. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గాన్ వాద్యముల కర్మాగారములోని గాలితిత్తుల సాయముతో ఒక శిక్షణ యంత్రమును నిర్మించెను. తొలిదినములలో అది వినోదశాలలకే ఎక్కువగా అమ్ముడుపోయినది. 1934లో సైనిక వైమానికులు టపా మోయుచు చెడు వాతావరణములో చిక్కుకొని పలువురు మరణించిన పిమ్మటనే అమెరికా సైన్యము ఆ యంత్రమును కొనెను. కావున సిమ్యులేటరును తూచుటకు దృశ్యముల అందము తగిన కొలబద్ద కాదు. కంటికి ఏమియు కానరానపుడు విద్యార్థి ఏమి చేయునన్నదే తగిన కొలబద్ద.

పరికరముల సహాయముతో దిగు పద్ధతిని ఐ.ఎల్.ఎస్. అందురు. దీనిలో నేలమీదినుండి రెండు రేడియో సంకేతములు వెలువడును. లోకలైజరు రన్‌వే మధ్యరేఖను చూపును. గ్లైడ్ స్లోప్ దిగవలసిన వాలును చూపును. రెండిటిలోను 90, 150 హెర్ట్జ్‌ల స్వరములు మిళితమై యుండును. ఇవి సమబలముతో వినవచ్చిన చోట విమానములోని సూది మధ్యన నిలుచును. ఒకటి మించినచో సూది ప్రక్కకు జరుగును.

వాలు సాధారణముగా 3 డిగ్రీలు. దీని టాంజెంటు 0.0524. నాటికల్ మైలుకు 6,076 అడుగులు గనుక, విమానము మైలుకు సుమారు 318 అడుగులు దిగవలెను. దీనినుండియే వైమానికుల నోటిలెక్క పుట్టినది. వేయి అడుగులు దిగుటకు మూడు మైళ్లు కావలెను. 3,000 అడుగులు దిగుటకు ఈ లెక్క ప్రకారము 9 మైళ్లు, సరిగా లెక్కించినచో 9.4 మైళ్లు. నేలపై వేగము 140 నాట్లయినపుడు నిమిషమునకు సుమారు 740 అడుగుల చొప్పున దిగవలెను. ఎదురుగాలి వలన ఆ వేగము 120 నాట్లకు తగ్గినచో 640 అడుగులు చాలును. పదవ తరగతి త్రికోణమితికి ఇంతకంటె సజీవమైన ఉదాహరణము దొరకుట కష్టము. లెక్క తప్పినచో సూది వెంటనే పట్టి యిచ్చును. ఈ విషయములో సిమ్యులేటరును మెచ్చుకొనవలసినదే.

అయితే ఈ నోటిలెక్క సులభమగుటయే చిక్కు తెచ్చును. మూడుతో గుణింపవలసినది రన్‌వేకు పైనున్న ఎత్తును. ఆల్టిమీటరు సాధారణముగా చూపునది సముద్రమట్టమునకు పైనున్న ఎత్తును. సముద్రతీరముననున్న చెన్నైలో ఈ భేదము అంతగా తెలియదు. హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున నున్నది. అచట ఆల్టిమీటరు 5,000 చూపునపుడు దిగవలసినది 3,000 అడుగులే. ఈ తీసివేతను మరచి, అయిదును మూడుతో గుణించి 15 మైళ్ల దూరమునుండియే దిగ నారంభించిన విద్యార్థి రన్‌వేకు ఆరు మైళ్ల ఇవతలనే నేలను కలిసికొనును.

ఇక లోపముల మాట. మొదటిది ఆల్టిమీటరును గూర్చినది. ఈ పరికరము నిజముగా కొలుచునది వాయుపీడనమును. ఆనాటి పీడనమును వైమానికుడు దానిలో నమర్చవలెను. సముద్రమట్టము వద్ద ఒక హెక్టోపాస్కల్ తప్పు సుమారు 27 అడుగుల తప్పగును. బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడి పీడనము 1,013 నుండి 1,003కు తగ్గినదనుకొనుడు. పాత అమరికతోనే వచ్చిన విమానము ఆల్టిమీటరు చూపుదానికంటె 270 అడుగులు క్రిందుగా నుండును. సాధారణ ఐ.ఎల్.ఎస్.లో రన్‌వే కనబడుచున్నదా లేదా యని తేల్చుకొనవలసిన ఎత్తు 200 అడుగులు మాత్రమే. తప్పు ఆ ఎత్తును మించిపోయినది! ఇట్టి ముఖ్యమైన పనిని మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములో కీబోర్డుపై ‘బి’ మీట ఒక్కసారి నొక్కినంతనే యంత్రమే చేసిపెట్టును. విద్యార్థి పీడనమును వినడు, వ్రాసికొనడు, సరిచూడడు. సౌకర్యము పెరిగినది, పాఠము జారిపోయినది.

రెండవ లోపము ఇంకను లోతైనది. సూదిని మధ్యన నిలుపుటయే దిగుటలోని విద్య యని అభ్యాసకులకు తోచును. కాని పటముపై అచ్చువేసిన ఎత్తులు వేరొక పనికి ఏర్పడినవి. నోటిలెక్క దిగుటకు ఎంత దూరము కావలెనో చెప్పును. ఏ చోట ఎంతకు దిగువగా పోరాదో పటమే చెప్పవలెను. మొదటిది వాలునుండి పుట్టినది. రెండవది ఆ చోటి కొండలనుండి పుట్టినది.

ఈ భేదము ప్రాణములతో ముడిపడియున్నదని 1974 డిసెంబరు 1న తేలినది. అమెరికాలో టి.డబ్ల్యు.ఏ. సంస్థ 514వ నెంబరు విమానము వాషింగ్టన్ సమీపములోని డల్లస్ విమానాశ్రయమునకు వచ్చుచుండెను. ఆనాటి పద్ధతి ఐ.ఎల్.ఎస్. కాదు, దిశను దూరమును మాత్రమే రేడియోతో తెలుపునది. ఇట్టి పద్ధతిలో వాలు చూపు సూది యుండదు గనుక పటములోని ఎత్తులే శరణ్యము. దిగుటకు అనుమతి లభించినంతనే విమానము 1,800 అడుగులకు దిగ నారంభించెను. ఆ ఎత్తు చివరి ఘట్టమునకు చెందినది. విమానమింకను ఆ ఘట్టమును చేరలేదు. డల్లస్‌కు సుమారు 25 మైళ్ల దూరమున మౌంట్ వెదర్ అను కొండను ఢీకొని అందలి 92 మందియు మరణించిరి. విచారణ సంఘము విమాన సిబ్బంది నిర్ణయమును ప్రధాన కారణముగా పేర్కొన్నను, నేలమీది నియంత్రణ పద్ధతులలోని అస్పష్టతను కూడ ఎత్తిచూపెను. అనుమతి లభించినను, పటములో చూపిన మార్గమును చేరువరకు ముందు చెప్పిన ఎత్తునే నిలుపుకొనవలెనను నియమము పిమ్మట స్పష్టపరుపబడినది.

రన్‌వేకు 1,500 అడుగుల పైన ఉండుట అయిదు మైళ్ల దూరమునకు తగిన ఎత్తు, ఇరువది యయిదు మైళ్లకు కాదు. నోటిలెక్క ఇచట అనుమానము కలిగింపగలదు. కాని అది కొండ యున్నదని చెప్పలేదు. వాలుకు దిగువగా కొంతదూరము సమతలముగా పోవుట ఐ.ఎల్.ఎస్.లోను మామూలే. గ్లైడ్ స్లోప్ అసలు వాలుకు పైన, సుమారు 9 డిగ్రీల వద్ద, మిథ్యా వాలును కూడ పుట్టించును గనుక అసలు వాలును క్రిందినుండి అందుకొనుటయే పద్ధతి. ఆ క్రిందుదనమునకు హద్దు నిర్ణయించునది పటమే.

తెరపై కొండను ఢీకొన్నవాడు మరల మొదటినుండి ఆరంభించును. ఎందుకు ఢీకొన్నదో విచారించుమని ప్రోగ్రాము అతనిని నిర్బంధింపదు. ఈ కొరతను తీర్పగలవాడు ఉపాధ్యాయుడు. ఎగురుటకు ముందే మైలు మైలుకు ఉండవలసిన ఎత్తులను విద్యార్థిచేత కాగితముపై వ్రాయింపవచ్చును. వాటి ప్రక్కన పటములోని కనీసపు ఎత్తులను చేర్పింపవచ్చును. ‘బి’ మీటను నిషేధించి, చెప్పకుండ పీడనమును పది హెక్టోపాస్కల్‌లు మార్చి చూడవచ్చును. సూది మధ్యన నున్నను కాగితముపైని ఎత్తు ఆల్టిమీటరుతో కుదరకున్నపుడు, విద్యార్థి దిగుట మాని మరల పైకి లేచినచో, ఆనాటికి పాఠము వచ్చినట్లే.