బతుకమ్మ పూలు, శాస్త్రనామాలు: జానపద పరిశోధనలో మొక్కల గుర్తింపు సమస్య

బతుకమ్మ పాటల మీద, పండుగ ఆచారాల మీద వెలువడే పరిశోధన వ్యాసాల్లో ఒక పద్ధతి స్థిరపడింది. పువ్వు పేరు రాగానే దాని పక్కన శాస్త్రనామం చేరుతుంది. తంగేడు అంటే సెన్నా ఆరిక్యులేటా, గునుగు అంటే సెలోసియా అర్జెన్షియా. ఈ చేర్పుతో వ్యాసానికి శాస్త్రీయత వచ్చిందన్న భావన సాహిత్య పరిశోధనలో బలంగా ఉంది. అయితే శాస్త్రనామం తెలుగు పేరుకు పర్యాయపదం కాదు; అది ఒక నిర్ధారణ. ఎవరు, ఏ మొక్కను చూసి, ఏ గ్రంథంతో పోల్చి ఆ నిర్ధారణకు వచ్చారో చెప్పనంతవరకు అది నిఘంటువులోంచి ఎత్తి రాసిన మాటగానే మిగులుతుంది.

వృక్షశాస్త్రంలో పేరు ఒక భౌతికమైన నమూనాకు కట్టుబడి ఉంటుంది. 1753లో లిన్నేయస్ ప్రచురించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ నుంచి ఈ నామకరణానికి లెక్క మొదలవుతుంది. ఒకే జాతికి రెండు పేర్లుంటే నియమబద్ధంగా ముందు ప్రచురితమైనది నిలుస్తుంది. రాక్స్‌బరో గ్రంథం ద్వారా ప్రచారంలోకి వచ్చిన ‘బ్యూటియా ఫ్రాండోసా’ అన్న మోదుగ పేరు వెనక్కి తగ్గి, అంతకు ముందే లామార్క్ పెట్టిన ‘మోనోస్పెర్మా’ నిలవడానికి కారణం ఇదే. కొత్త జాతి వర్ణన నేటి నియమావళి ప్రకారం లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో ఎంత కచ్చితంగా వర్ణించినా ఆ పేరు చెల్లదు. పేరు మాత్రం తెలుగు నుంచి వెళ్లవచ్చు. రాక్స్‌బరో స్వీటేనియా ప్రజాతిలో చేర్చిన సోమిడ చెట్టుకు 1830లో ఆడ్రియెన్ ద జుస్యూ వేరే ప్రజాతిని ఏర్పరచినప్పుడు తెలుగు మాటే ‘సోయ్‌మిడా’ అయింది.

నల్లతుమ్మ కథ మరింత విడ్డూరం. ‘అకేషియా’ అన్న ప్రజాతి నామానికి ప్రమాణంగా ఉండినది ఆ చెట్టే. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరు ఆస్ట్రేలియా జాతులకు దక్కేలా ప్రమాణాన్ని మార్చింది. 2011 మెల్‌బోర్న్ మహాసభలోనూ ఆ నిర్ణయమే నిలిచింది. నల్లతుమ్మ ఇప్పుడు వాచెలియా నైలోటికా. కాబట్టి ఏ గ్రంథాన్ని అనుసరించారో చెప్పకుండా శాస్త్రనామం రాయడం పాఠాంతరాన్ని సూచించకుండా పద్యాన్ని ఉదాహరించడం వంటిది.

బతుకమ్మ పేర్చే స్త్రీల దృష్టిలో గునుగు వేరు, పట్టుకుచ్చు వేరు. గునుగు చేలలో దానంతట అదే మొలిచే కలుపు. దాన్ని కోసుకొచ్చి, కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి రంగునీళ్లలో ముంచుతారు. పట్టుకుచ్చు పెరట్లో పెంచేది. దానికి రంగు అద్దే పని లేదు. లిన్నేయస్ కూడా 1753లో వీటిని సెలోసియా అర్జెన్షియా, సెలోసియా క్రిస్టాటా అని రెండు జాతులుగానే రాశాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు రెండోదాన్ని మొదటిదాని పెంపుడు రూపంగా నిర్ణయించి ఒకే జాతిలో కలిపారు. ఇక్కడ శాస్త్రం ఒప్పు, జానపద వర్గీకరణ తప్పు అనడం తొందరపాటు. శాస్త్రం వంశసంబంధాన్ని అడుగుతోంది. పూలు పేర్చే స్త్రీ అది ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు వాడకుండా ఉంటుంది, ఏ వరుసలో నిలుస్తుంది అని చూస్తోంది. రెండు పూలకూ ఒకే లాటిన్ పేరు రాసి ఊరుకున్న వ్యాసం, పాటలో ఉన్న భేదాన్ని తుడిచేస్తుంది. తుమ్మి విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. వినాయక చవితినాడు వండుకునే తుమ్మికూర పేరు ఒకటే కాని, ఆ పేరు కిందికి ల్యూకాస్ ప్రజాతిలోని ఒకటి కంటె ఎక్కువ జాతులు వస్తాయి. ఆ పూట కుండలో పడినది ఏదో మొక్కను చూడనివారు చెప్పలేరు.

పక్కన పేరు చేర్చే ఈ అలవాటుకు మూలం 19వ శతాబ్దపు గ్రంథాలలో ఉంది. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన 300 చిత్రాల గ్రంథంలో తెలుగు పేర్లను నమోదు చేశాడు. అమరావతి శిల్పాలతో సాహిత్య విద్యార్థులకు పరిచితుడైన వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో ‘ఫ్లోరా ఆంధ్రికా’ ప్రచురించాడు. తెలుగు పేరుకు ఎదురుగా శాస్త్రనామం ఇచ్చిన ఆ పట్టిక విలువ తక్కువది కాదు. కాని దాని పరిధి ఉత్తర సర్కారులు. 1915లో మొదలైన గాంబుల్ ‘ఫ్లోరా’ మద్రాసు ప్రెసిడెన్సీకి పరిమితం. నిజాం రాజ్యంలోని సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలు ఈ రెండింటికీ వెలుపలే ఉన్నాయి. కోస్తాలో కూర్చిన సమీకరణాన్ని ముస్తాబాద్ పాటకు అన్వయిస్తున్నామన్న స్పృహ పరిశోధకులకు ఉండాలి. పుల్లయ్య ‘ఫ్లోరా ఆఫ్ తెలంగాణ’ (2015) వంటి గ్రంథాలతో వృక్షశాస్త్రం వైపు నుంచి ఈ లోటు చాలావరకు తీరింది. సాహిత్య పరిశోధన మాత్రం ఇంకా పాత పట్టికల మీదే ఆధారపడుతోంది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ముస్తాబాద్‌లో పాట సేకరించినప్పుడే, అందులోని మొక్కను పూతతో సహా తెచ్చి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, సంఖ్య వేసి, విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖలోని హెర్బేరియంలో దాఖలు చేయాలి. వ్యాసంలో శాస్త్రనామం పక్కన ఆ సంఖ్య ఉండాలి. ఆరితే పువ్వు రంగు పోతుంది కనుక కోసినప్పుడే రంగు రాసుకోవాలి. చీటీ మీద జిల్లా పేరు ఒక్కటే చాలదు. 2016 అక్టోబరుకు ముందు ముస్తాబాద్, కోరుట్ల రెండూ కరీంనగర్ జిల్లాలోవే. ఇప్పుడు మొదటిది రాజన్న సిరిసిల్లలో, రెండోది జగిత్యాలలో ఉన్నాయి. ఊరి పేరు, చెలక లేదా చెరువుగట్టు వంటి స్థల వివరం లేని పాత చీటీలను ఇప్పుడు ఏ జిల్లా కింద చదవాలో తెలియదు. కలుపుమందులు చల్లిన చేలలో గునుగు మొలక దశలోనే పోతుంది కనుక ఈ సేకరణకు వాయిదా పనికిరాదు.

హెర్బేరియం చీటీలో సేకర్త పేరుకు గడి ఉంటుంది, స్థానిక నామానికీ ఉంటుంది. ఆ స్థానిక నామాన్ని చెప్పిన మనిషికి సాధారణంగా గడి ఉండదు. పాట పాడినవారి పేరు, ఊరు, వయస్సు రాయకుండా జానపద సాహిత్య సేకరణను ఏ పర్యవేక్షకుడూ అంగీకరించడు. ఆ నియమాన్ని మొక్క చీటీకి కూడా వర్తింపజేయాలని వృక్షశాస్త్ర శాఖలను అడగవలసింది తెలుగు శాఖలే.