రెండో జంటకు హామీ లేదు

చైనా ప్రేమ సీరియళ్లలో చాలావరకు నాయికానాయకులు కలిసి తీరాలి. ఆ సంగతి ప్రేక్షకులకు మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది. మిగిలే ఉత్కంఠ ఎప్పుడు, ఎలా అన్నదే. పక్కన నడిచే రెండో జంటకు ఆ హామీ లేదు. రచయిత వాళ్లను విడదీయవచ్చు, ఒకరిని చంపవచ్చు, ఏదీ తేల్చకుండా వదిలేయనూవచ్చు. ప్రేక్షకులు ఆ జంట మీద అంత మమకారం పెంచుకోవడానికి మూలం ఇదే. 2017లో వచ్చిన 58 ఎపిసోడ్ల 'ఎటర్నల్ లవ్'లో నాయికానాయకులు బాయ్ చియెన్, యే హ్వాలది జన్మలు దాటి వెంటాడే బంధం. బాయ్ చియెన్ అన్న కూతురు ఫెంగ్‌జ్యూ మనసిచ్చిన దోంగ్‌హ్వా మాత్రం, జంటల రాత ఉండే మూడు జన్మల శిల మీద నుంచి తన పేరును తానే చెరిపేసుకున్నవాడు. అంటే ఇక్కడ విధి కూడా సాయానికి రాదు. పైగా వీళ్లు కొన్ని ఎపిసోడ్లపాటు కనబడరు. తిరిగొచ్చేసరికి ఇద్దరి మధ్యా ఏదో మారి ఉంటుంది. ఆ ఖాళీని పూరించుకునే పని ప్రేక్షకులదే. నాయికానాయకుల దుఃఖాన్నేమో పాత దృశ్యాలు మళ్లీ మళ్లీ వేసి మరీ వివరిస్తారు (ఒక్కోసారి విసుగు పుట్టేంతగా).

ఈ పద్ధతి టీవీ కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దంలో త్సావ్ షుయెచిన్ రాసిన 'ఎర్ర మేడ కల'లో పనిపిల్ల షియావ్ హోంగ్ పోగొట్టుకున్న చేతిరుమాలు, పేద బంధువు జ్యా యూన్‌కు దొరుకుతుంది. అతను ఇంకో పనిపిల్ల చేత తన రుమాలు పంపిస్తాడు. కొన్ని అధ్యాయాల తర్వాత కథానాయకుడు బావ్‌యూ తన పాత రుమాళ్లను నాయిక దాయ్‌యూకు పంపినప్పుడు పాఠకుడికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. వంశ గౌరవం మోసే ఆ ఇద్దరూ పైకి అనలేని మాటను, కథ భారం లేని చిన్నజంట ముందే నేర్పిపెట్టింది.

ఈ రెండో జంటలు నిడివి పెంచే ఎత్తుగడేనని ఒక ఆక్షేపణ. కొన్ని సీరియళ్ల విషయంలో అది నిజమే. అయితే 40 ఎపిసోడ్లు దాటొద్దని చైనా ప్రసార నియంత్రణ సంస్థ 2020లో చెప్పాక కూడా రెండో జంటలు మాయం కాలేదు. 2022 నాటి 'లవ్ బిట్వీన్ ఫెయిరీ అండ్ డెవిల్' 36 ఎపిసోడ్లలోనే ముగిసింది. జిత్తులమారి జియెలీకీ స్వామిభక్తుడు షాంగ్‌చుయేకీ అందులో చోటుంది.

అరుదుగా కనిపిస్తారు కాబట్టే ముద్దు, ముందుకు తెస్తే మోజు తీరిపోతుందన్నది ఇంకాస్త గట్టి వాదన. దోంగ్‌హ్వా, ఫెంగ్‌జ్యూలుగా గావ్ వెయ్‌గువాంగ్, దిల్‌రబాలే నటించిన 'ఎటర్నల్ లవ్ ఆఫ్ డ్రీమ్' 2020లో 56 ఎపిసోడ్లతో వచ్చింది. అందులో సరసం పెరిగింది. కలుస్తారో లేదోనన్న బెంగ మాత్రం పలచబడింది. కానీ 2023 'హిడెన్ లవ్'లో నాయిక అన్నగా, అందరినీ వెక్కిరిస్తూ తిరిగిన సాంగ్ యాన్ సంగతి వేరు. 2025లో 'ద ఫస్ట్ ఫ్రాస్ట్' అతన్నే నాయకుణ్ని చేసింది. ప్రతి ఎపిసోడ్‌లో కనిపించినా అతని కథ చప్పబడలేదు. అందులో నాయిక వెన్ యీఫాన్ నిద్రలో నడుస్తుంది. బంధువుల ఇంట్లో తగిలిన గాయాన్ని ఎవరికీ చెప్పదు. ఆమె అతన్ని ప్రేమిస్తుందా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. ఒకే ఫ్లాట్‌లో ఉంటూ కూడా ఆ గాయం సంగతి అతనితో చెప్పగలదా అన్నది చాలా ఎపిసోడ్ల దాకా తేలదు.