లంగరు వేసే చేయి

గన్నవరం పక్కనుంచి పోయే ఏలూరు కాలువలో ఒకప్పుడు తెరచాప పడవలు సరుకు మోసేవి. కాలువలో గట్టున గుంజ పాతి మోకు కడితే చాలు, పడవ నిలిచేది. నాగాయలంక దిగువన, నదిలో ఆటుపోట్లున్న చోట మాత్రం లంగరే దిక్కు. పనితనం అక్కడ చూడాలి! చాప దించి, పడవ ముక్కును ఎదురు నీటికి తిప్పి, వేగం చచ్చాకే లంగరు నెమ్మదిగా జారవిడవాలి. విసిరితే తాడు చిక్కుపడుతుంది. పడవ వెనక్కి జరిగేకొద్దీ తాడు వదలాలి, లోతుకు కనీసం ఐదారు రెట్లు. తాడు బాగా ఏటవాలుగా ఉంటేనే కొక్కెం బురదలోకి దిగుతుంది. లంగరు బరువు కంటే ఆ వాలుకే నేను ఎక్కువ విలువిస్తాను. తర్వాత గట్టుమీద ఒకే వరసలో కనిపించే రెండు తాడిచెట్లను గుర్తుపెట్టుకోవాలి. పోటు తిరగకుండానే అవి విడివడితే లంగరు జారుతోందన్నమాట. ఇంకాస్త తాడు వదలాలి.