‘ఈజ్ కమ్’ తప్పు కాదు

మణికొండ అపార్ట్‌మెంట్ల పిల్లలకు ఇంగ్లిష్ అంటే భయం లేదు. షేక్‌స్పియర్ అంటే మాత్రం ఉంది. ఐసీఎస్ఈ పిల్లలు ‘జూలియస్ సీజర్’ తెరవగానే పాతకాలపు క్రియల దగ్గర ఆగిపోతారు. సాయంత్రాలు నా దగ్గర చదువుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: కాసేపు తెలుగు క్రియను చూడండి.

‘రేపు వెళ్తావా?’ అంటే చాలు, ‘నువ్వు’ అనక్కర్లేదు. ‘వెళ్తావు’లోని చివరి ‘వు’ ఆ సంగతి చెప్పేస్తుంది. ‘దౌ గోయెస్ట్’లో ‘ఎస్ట్’ చేసేదీ అదే పని. ‘వెళ్తాడు’లో ‘డు’, ‘వెళ్తుంది’లో ‘ది’ చేసే పనిని ‘గోయెత్’లో ‘ఎత్’ చేస్తుంది. ఆడా మగా తేడా మాత్రం చూపదు. ఇంగ్లండ్ ఉత్తరాది మాండలికాల్లోని ‘ఎస్’ మెల్లగా దక్షిణానికి దిగి ఈ ‘ఎత్’ను నెట్టేసింది. షేక్‌స్పియర్ రోజుల్లో రెండూ నడిచేవి. పాదంలో ఒక అక్షరం తక్కువైతే ‘ఎత్’ అక్కరకొచ్చేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ మాత్రం ‘ఎత్’నే పట్టుకుంది.

ఐజాక్ వాట్స్ 1719లో అచ్చువేసిన ‘జాయ్ టు ద వరల్డ్’ కీర్తనను క్రిస్మస్‌కు మన చర్చిల్లోనూ పాడతారు. అందులో ‘హ్యాజ్ కమ్’ ఉండాల్సిన చోట ‘ఈజ్ కమ్’ ఉంటుంది. పిల్లలు అచ్చుతప్పు అనుకుంటారు. రావడం, పోవడం, మారడం లాంటి క్రియలకు అప్పట్లో తోడుగా వచ్చేది ‘ఉండు’ అనే క్రియే. మన ‘వచ్చియున్నాడు’ను విడదీసి చూపిస్తే చాలు, తలాడిస్తారు. ‘హీ ఈజ్ గాన్’ అని ఇవాళ్టికీ అంటున్నాం కదా!

‘గాడ్ బ్లెస్ యు’లో ‘బ్లెసెస్’ ఎందుకు లేదు? అది సమాచారం కాదు, దీవెన. ‘దేవుడు దీవించుగాక’లోని ‘గాక’ అన్నమాట. తెలుగు వాచకంలో ఆశీరర్థక వాక్యం చదివిన పిల్లలకు ‘లాంగ్ లివ్’ కొత్తేమీ కాదు.

అన్నీ ఇంత తేలిగ్గా లొంగవు. ‘దౌ ఆర్ట్’, ‘దౌ విల్ట్’ బట్టీ పట్టాల్సిందే.

ట్యూషన్ కోసం వచ్చే తల్లిదండ్రులను ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ముందే అడుగుతాను. ‘ఇంగ్లిష్ బాగా రావాలని తెలుగు మానేశామండీ’ అని కొందరు గొప్పగా చెప్తారు. షేక్‌స్పియర్ దగ్గర నాకు ఎక్కువ సమయం పట్టేది ఆ ఇళ్ల పిల్లలతోనే.