మోకాలికి బెత్తెడు కింద

బెజవాడ బీసెంట్ రోడ్డులో మల్లెపూలమ్మే ఆమె మూరకీ, కొనే ఆవిడ మూరకీ ఎన్నడూ పొంతన కుదరదు. దండ కొలిచేటప్పుడు ఎవరి చెయ్యో ఒకరిది హఠాత్తుగా పొట్టిదైపోతుంది. ఆ తగవు రాని కొలత ఒకటి చైనా వైద్యంలో ఉంది. ఎవరి ఒంటి మీద నొక్కాల్సిన చోటు వెతుకుతున్నామో వాళ్ళ వేళ్ళతోనే కొలవాలి. దాన్ని 'సున్' అంటారు. బొటనవేలు కణుపు దగ్గర ఎంత వెడల్పుంటే అంత ఒక సున్. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపితే రెండు. నాలుగు వేళ్ళూ కలిపితే మూడు, అంటే మన బెత్తెడు. ఆరడుగుల మనిషికైనా ఆరేళ్ళ పిల్లకైనా మోకాలి కింద నొక్కాల్సిన చోటు ఎవరి బెత్తెడు దూరంలో వాళ్ళకుంటుంది.

మొగల్రాజపురంలో ఒక డాబా మీద పొద్దుటిపూట ఆక్యుప్రెషర్ నేర్పే మాస్టారొకరున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు. పక్కింటి పిన్నిగారికి తోడుగా వెళ్ళి నేనూ చాప పరుచుకున్నాను. మొదట్లో ఆయన ఏ రోగం పేరూ ఎత్తలేదు. ఎముక అంచు ఎక్కడుంది, కండ ఎక్కడ మొదలైంది, వేలి కింద ఏం జారుతోంది అన్నవే తడిమి చెప్పమనేవారు. మోకాలిచిప్ప కింద బయటివైపు చిన్న గుంట తగులుతుంది. అక్కణ్ణుంచి బెత్తెడు దిగి, ముందరి ఎముక అంచు నుంచి వేలి వెడల్పంత పక్కకి జరిగితే 'జుసాన్లీ' అనే చోటు. నొక్కితే జివ్వుమని పాదం వైపు తీపు పాకుతుంది.

"ఎంత గట్టిగా నొక్కమంటారు మాస్టారూ?" అని పిన్నిగారు అడిగారు.

"తీపు తెలియాలమ్మా. పళ్ళు కరుచుకునేదాకా రానివ్వకండి."

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖాయం చేసిన చోట్లు 361. ఆయన మాకు చెప్పినవి పట్టుమని పది కూడా ఉండవు. ఆ పదైనా ఎవరివి వాళ్ళు కళ్ళు మూసుకుని పట్టుకోగలిగితే చాలనేవారు.

డెల్టా వాళ్ళకి రకరకాల వైద్యాలంటే మోజు, అది ఇవాళ్టిది కాదు. గుడివాడ హోమియో కళాశాల 1945 నాటిది. బెజవాడలో నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. కరకట్ట ఆశ్రమం నుంచి ప్రకృతివైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు మానేయమంటే మానేసిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకొకరు కొబ్బరినూనె తాగమంటే గ్లాసుల్లో పోసుకు తాగినవీ ఆ ఇళ్ళే. అందుకే చైనా వైద్యపు సిద్ధాంతం చెప్పడానికి మాస్టారు పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అని పుట్టినప్పట్నుంచీ వింటున్నవాళ్ళకి యిన్, యాంగ్ కొత్త సంగతేం కాదు. ఎండాకాలం చైనా ఇళ్ళల్లో పెసలు ఉడికించిన నీళ్ళు చలవ కోసం తాగుతారు. మనం శ్రీరామనవమికి అవే పెసలు వడపప్పుగా నానబోస్తాం. వాళ్ళకీ అల్లం ఒక మందు, శొంఠి ఇంకో మందు. భుజం నొప్పి కషాయాల్లో వాళ్ళు వేసే పసుపు, మన దుగ్గిరాల యార్డుకి బస్తాల్లో వచ్చే పసుపే.

అలాగని కషాయాలు కాచుకోమని ఆయన అనలేదు. మూలికల జోలికి వెళ్ళాలంటే అది చదువుకున్న వైద్యుడు పక్కనుండాలి, సొంతానికి వేళ్ళ దాకానే అన్నారు. నాకది సబబనిపించింది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు చైనా మూలిక నుంచే వచ్చింది. దాన్ని తీసిన తు యుయుకి 2015లో నోబెల్ ఇచ్చారు. ఆమె నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన ఒక చిట్కా పట్టుకుని బయల్దేరిన మాట నిజమే. కానీ ఎలుకల మీద, కోతుల మీద, చివరికి తన మీదే పరీక్షించాకగానీ రోగులకివ్వలేదు. పాత పుస్తకంలో ఉంది కాబట్టి మింగేయమని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మన దగ్గర ఆక్యుప్రెషర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అరికాలి పటం. ఇక్కడ గుండె, ఇక్కడ కిడ్నీ, మడమ పక్కన ఇంకేదో అని రంగురంగుల గళ్ళు గీసి, ఎగ్జిబిషన్లలో చెక్క రోలరుతో పాటు అమ్ముతారు. చైనాలో వేల ఏళ్ళనాటిదని కూడా చెబుతారు. ఆ పటం అమెరికాలో పుట్టింది. విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు 1910లలో ఒంటిని పది నిలువు పట్టీలుగా విడగొడితే, 1930లలో యూనిస్ ఇంగమ్ దాన్ని పాదాల మీదికి దించింది. ముంబైలోని దేవేంద్ర వోరా పుస్తకంతో 1980లలో మన ఇళ్ళకీ చేరింది. అందులో సున్ లేదు, బెత్తెడు లేదు. అచ్చేసిన పాదం ఒకటి, మన పాదం ఇంకోటి. కాలు పిసికితే హాయిగానే ఉంటుంది, కాదనను. ఆ హాయిని కిడ్నీ ఖాతాలో ఎందుకు రాస్తారో నాకర్థం కాదు.

అసలు చైనా విద్య మనకి వచ్చిన దారి వేరు. జపాన్ దాడిలో ఉన్న చైనాకి 1938లో కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. వాళ్ళలో కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయాడు. శాంతారాం తీసిన సినిమా వల్ల ఆ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు బతికి తిరిగొచ్చి, 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టాడు. ఆయనకి మాత్రం ఏ సినిమా దక్కలేదు.

ఇంతకీ నొక్కితే పని చేస్తుందా? ఒక చోటు సంగతి చెప్పగలను. అరచెయ్యి మొదట్లో మణికట్టు గీత ఉంటుంది కదా, దానికి మూడు వేళ్ళ దూరంలో మోచేతి వైపు, పిడికిలి బిగిస్తే తేలే రెండు స్నాయువుల మధ్య 'నేగ్వాన్' ఉంటుంది. (కొందరికి అందులో ఒక స్నాయువు పుట్టుకతోనే ఉండదు, కంగారు పడక్కర్లేదు.) బెల్‌ఫాస్ట్‌లో మత్తుమందు డాక్టరు జాన్ డండీ 1980లలో ఆపరేషన్ తర్వాతి వాంతుల మీద దీన్ని పరీక్షించాడు. తర్వాత జరిగిన ఎన్నో పరీక్షల్ని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా ఆ వికారం తగ్గుతుందనే చెప్పింది. బస్సులో వచ్చే వికారానికి అంత గట్టి రుజువు లేదు. అయినా అవనిగడ్డ కరకట్ట మలుపుల్లో కడుపు తిప్పితే, నిమ్మకాయ వాసన చూస్తూ మణికట్టు కూడా నొక్కుకుంటాను. పోయేదేం లేదు.

పోయేవి వేరే ఉన్నాయి. పిన్నిగారికి పదేళ్ళకి పైగా షుగర్. అరికాలు నొక్కే ముళ్ళ చెప్పులు కొనుక్కుని ఇంట్లో అవే తొడుక్కుని తిరిగేవారు. "గుచ్చుకోవట్లేదమ్మాయ్, అలవాటైపోయింది" అని ఆవిడ మురిసిపోతుంటే మాస్టారి మొహం మారిపోయింది. షుగరున్న పాదానికి గుచ్చుకోవడం తెలియట్లేదంటే నరాలు మొద్దుబారుతున్నాయని అర్థం. పుండు పడినా తెలియదు, తెలిసేసరికి వేలు తీసేయాల్సి రావచ్చు. చెప్పులు అక్కడే విప్పించి, ముందు డాక్టరుకి పాదాలు చూపించుకు రమ్మన్నారు. గర్భిణులకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే 'హగు' జోలికి పోవద్దన్నారు. ఇక మన వైపు ఛాతీలో ఏం పట్టేసినా గ్యాసేనంటాం కదా. చెమటలు పడుతూ ఎడమ చెయ్యి లాగుతున్న మనిషి మణికట్టు నొక్కుకుంటూ కూర్చుంటే విలువైన గంట పోతుంది. అప్పుడు వేలితో నొక్కాల్సింది 108.

నా సంగతికొస్తే, రాసుకునేవాళ్ళందరికీ ఉండే మెడనొప్పే. పుర్రె అడుగున, మెడ కండరాలకి రెండు పక్కలా ఉన్న గుంటల్లో బొటనవేళ్ళు ఆనించి నొక్కితే కాసేపటికి పట్టు వదులుతుంది. గంటలో మళ్ళీ బిగుస్తుంది. ఈ మాట చెబితే, "మెడ వంచి ఏం చూస్తుంటారు మీరు?" అని అడిగారు మాస్టారు. ఇంటికొచ్చి కంప్యూటర్ కింద బ్రౌణ్య నిఘంటువు, దాని కింద శబ్దరత్నాకరం పెట్టాను. ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది. అందులో వేళ్ళ వాటా ఎంతో, బ్రౌన్ దొర వాటా ఎంతో తేల్చుకోవాలంటే పుస్తకాలు తీసి చూడాలి. ఆ ప్రయోగానికి నా మెడ ఒప్పుకోవడం లేదు.