గేటు దగ్గరికే వచ్చే సైకిలు మెకానిక్కు

ముంబై–అహ్మదాబాద్ రైలుమార్గంలో, సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలో ఉంది కిమ్ అనే ఊరు. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి పద్మశాలీలు ఎందరో తరలివెళ్లిన జిల్లా అది. అక్కడ సైకిలు మీద పనికెళ్లే కార్మికుడికి షిఫ్టు వేళ చైను తెగితే ఆ పూట కూలికే ఎసరు. పనిముట్ల సంచితో కార్ఖానా గేటు దగ్గరికే వచ్చే మెకానిక్కు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆయన పనితనం చూడండి. ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు లేచినచోట గుర్తు పెడతాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరాకే ప్యాచీ వేస్తాడు. టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయనిదే ట్యూబు ఎక్కించడు. బెండు తీసేటప్పుడు రిమ్ము ఒరిగినచోట ఎదురువైపు స్పోకును కొద్దికొద్దిగా బిగిస్తాడు. కంటిచూపే ఆయన కొలబద్ద.

ఇది నికార్సైన నైపుణ్యం. బేరమాడకుండా అడిగినంత ఇవ్వండి.